ఓడ అడుగున వచ్చే అతిథులు

1736లో సూరత్ నుంచి లవ్‌జీ నస్సర్‌వాన్‌జీ వాడియా అనే పార్శీ వడ్రంగి, కొందరు పనివారిని వెంటబెట్టుకుని బొంబాయికి తరలివెళ్లాడు. అక్కడ ఆయనా, ఆయన వంశీకులూ టేకుతో నిర్మించిన ఓడలు ప్రపంచ ప్రఖ్యాతి గాంచాయి. 1817లో జలప్రవేశం చేసిన ‘ట్రింకోమలీ’ ఇంగ్లండులోని హార్ట్‌ల్‌పూల్‌లో ఈనాటికీ నీటిపై తేలుతూనే ఉంది.

తుపానులకూ ఫిరంగులకూ వెరవని ఆనాటి నావికులు ఒక అల్పజీవికి మాత్రం భయపడేవారు. కొయ్యను తొలిచి జల్లెడగా మార్చే ఆ ప్రాణి చూపునకు పురుగే అయినా, నిజానికి ఆలిచిప్పల జాతికి చెందినది. టేకు దానిని కొంతవరకు తట్టుకునేది. సున్నమూ నూనె కలిపిన పూత మన నావికుల పాత ఆయుధం. 18వ శతాబ్దంలో బ్రిటిష్ నౌకాదళం రాగిరేకుల తొడుగును ఆశ్రయించింది.

ఓడలు ఉక్కువైనా బెడద తీరలేదు. సముద్రంలో మునిగిన ఏ వస్తువుకైనా కొద్ది గంటలలోనే బాక్టీరియాల జిగురు పొర పడుతుంది. దానిపై సూక్ష్మమైన నాచు పేరుకుంటుంది. ఆ తరువాత నీటిలో ఈదులాడే పసిప్రాణులు వచ్చి స్థిరపడతాయి. వీటిలో ముఖ్యమైన బార్నకిల్ రొయ్యలకూ పీతలకూ బంధువు. చార్లెస్ డార్విన్ ఈ జీవుల పరిశోధనకే ఎనిమిదేళ్లు వెచ్చించాడు. శీతల సముద్రాలలో ఈ కాపురాలకు ఋతువులున్నాయి. మన వెచ్చని నీళ్లలో అవి దాదాపు ఏడాది పొడవునా వెలుస్తూనే ఉంటాయి. ఫలితంగా ఓడ వేగం తగ్గుతుంది, ఇంధనపు ఖర్చు పెరుగుతుంది.

అయితే నష్టపడేది ఓడ ఒక్కటే కాదు. 1967లో విశాఖపట్నం ఓడరేవులో ఒక కొత్తరకం చిప్పజీవి కనిపించింది. ఆంధ్ర విశ్వవిద్యాలయ జంతుశాస్త్రజ్ఞులు పి.ఎన్. గణపతి, ఎం.వి. లక్ష్మణరావు ప్రభృతులు 1971లో దానిని గురించి ప్రకటించారు. దాని పుట్టిల్లు ఎక్కడో కరీబియన్ తీరం! ఓడలే దానిని మోసుకొచ్చి ఉండాలి. నీటిలో ఉప్పు ఎక్కువైనా తక్కువైనా బ్రతకగల ఈ జీవి గుత్తులు గుత్తులుగా పెరిగి, స్థానిక ప్రాణులకు చోటు లేకుండా చేస్తుంది. తరువాత అది బొంబాయి రేవునూ చేరింది.

1999లో ఇదే జీవి, డార్విన్ పేరే పెట్టుకున్న ఆస్ట్రేలియా నగరంలోని పడవల రేవులలో బయటపడింది. అధికారులు ఆ రేవులను మూసి, క్లోరిన్, మైలుతుత్తం కలిపి దానిని నిర్మూలించారు. దానితోపాటు ఆ నీటిలోని ఇతర ప్రాణులూ నశించాయి. తలుపులు మూయగల చిన్న రేవులు కనుక అక్కడ అది సాధ్యమైంది. సముద్రానికి తెరచి ఉన్న మహారేవులో ఆ పని ఎవరి తరం?

రోగం కన్న మందు ప్రమాదకరం కావడమూ ఉన్నది. 1970 దశకంలో ట్రైబ్యుటైల్ టిన్ అనే విషం కలిపిన రంగులను ఓడలకు విరివిగా పూశారు. ఫ్రాన్సులోని ఆర్కషోన్ అఖాతంలో ఆలిచిప్పల గుల్లలు వికృతంగా దళసరెక్కాయి; వాటి సంతతి క్షీణించింది. కొన్ని జాతుల ఆడనత్తలకు మగ అవయవాలు మొలిచాయి. 1982లో ఫ్రాన్సు చిన్న పడవలకు ఈ రంగును నిషేధించింది. ఓడలన్నిటికీ వర్తించే అంతర్జాతీయ ఒప్పందం 2001లో కుదిరి, 2008లో గాని అమలుకు రాలేదు.

లవ్‌జీ విడిచివెళ్లిన సూరత్ చెంతనే, హజీరా రేవులో నేడు మహానౌకలు లంగరు వేస్తున్నాయి. సరుకుల పట్టీలో పేరు లేని ప్రయాణికులు వాటి అడుగున ఉండవచ్చు. ఓడను సకాలంలో గీకి శుభ్రపరచడం యజమానికి లాభం. గీకినదానిని నీటిలో వదలక ఒడ్డుకు చేర్చడం మాత్రం ఆ రేవును నమ్ముకుని బ్రతికే జాలరికీ, చేపకూ చెల్లించవలసిన ఋణం.