రిజిస్ట్రీ ఎర్రర్లు: క్లీనర్ కొనే ముందు ఇవి తెలుసుకోండి

ఎస్.ఆర్. నగర్ హాస్టళ్లలో ఉండి అమీర్‌పేట మైత్రీవనం దగ్గర కోర్సులు చేసే పిల్లల చేతుల్లో సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్‌లు మామూలే. ఇళ్లల్లో అయితే ఒకే పాత కంప్యూటర్‌ను అందరూ వాడుకుంటారు. అది కాస్త నెమ్మదించగానే ఏదో ఒక ఉచిత స్కానర్ ‘వందల రిజిస్ట్రీ ఎర్రర్లు దొరికాయి’ అని ఎర్ర అక్షరాల్లో చూపిస్తుంది. బాగు చేయాలంటే మాత్రం డబ్బు కట్టాలంటుంది.

రిజిస్ట్రీ అంటే విండోస్ తన సెట్టింగులన్నీ రాసిపెట్టుకునే దస్తరం. ఏ ఫైల్‌ను ఏ ప్రోగ్రామ్ తెరవాలి, ప్రింటర్ ఏది, స్విచ్ వేయగానే ఏవేవి మొదలవ్వాలి అన్నీ అందులోనే ఉంటాయి. ప్రోగ్రామ్ తీసేశాక కూడా దాని ఎంట్రీలు కొన్ని మిగిలిపోతాయి. కిరాయిదారు ఖాళీ చేసినా గేటు దగ్గర అతని పేరు బోర్డు ఉండిపోయినట్టు. దానివల్ల ఇల్లేమీ ఇరుకవదు. క్లీనర్లు ‘ఎర్రర్’ అని లెక్కపెట్టేవాటిలో చాలావరకు ఇవే. లక్షల ఎంట్రీల్లో కొన్ని వందలు తీసేసినంత మాత్రాన స్పీడ్ పెరగదు. పనికొచ్చే ఎంట్రీ ఒక్కటి పోతే మాత్రం విండోసే తెరుచుకోకపోవచ్చు.

అందుకే రిజిస్ట్రీ క్లీనర్లను తాము సమర్థించబోమని మైక్రోసాఫ్టే చెబుతోంది. భయపెట్టే మెసేజ్‌లతో డబ్బు కట్టించుకునే ప్రోగ్రాములను 2018 మార్చి నుంచి విండోస్ డిఫెండర్ అనవసర సాఫ్ట్‌వేర్‌గా లెక్కగట్టి తొలగిస్తోంది. పేరున్న క్లీనర్ అయితే పర్లేదు కదా అంటే అదీ కాదు. 2017లో హ్యాకర్లు సీక్లీనర్ వెర్షన్ ఒకదానిలోనే మాల్‌వేర్ దూర్చారు. దాదాపు 22.7 లక్షల మంది ఆ వెర్షన్ వాడారని కంపెనీయే ప్రకటించింది.

మరి కంప్యూటర్ ఎందుకు నెమ్మదిస్తుంది? ఎక్కువసార్లు కారణం స్టార్టప్‌లో పేరుకుపోయిన ప్రోగ్రాములు, నిండిపోయిన సి డ్రైవ్, చాలని ర్యామ్ లేదా పాత హార్డ్ డిస్క్. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో స్టార్టప్ ట్యాబ్‌లో అక్కర్లేనివి డిజేబుల్ చేయండి. క్లీనర్‌కు పెట్టే డబ్బుకు ఇంకొంత కలిపి ఎస్‌ఎస్‌డి వేయించుకుంటే తేడా కళ్లకు కనబడుతుంది.

రిజిస్ట్రీలో చేయి పెట్టక తప్పని సందర్భాలూ ఉంటాయి. ఫలానా ఎంట్రీ తీసేయమని ఆ సాఫ్ట్‌వేర్ తయారుచేసిన కంపెనీయే చెప్పినప్పుడు అలాంటిది. ముందు నిఖా ఫోటోలు, సర్టిఫికెట్లు, పాస్‌పోర్ట్ స్కాన్‌లు పెన్ డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. తర్వాత స్టార్ట్‌లో ‘రిస్టోర్ పాయింట్’ అని వెతికి సిస్టమ్ ప్రొటెక్షన్ తెరవండి. చాలా కంప్యూటర్లలో ఇది ఆఫ్‌లోనే ఉంటుంది. సి డ్రైవ్‌కు ఆన్ చేసి ‘క్రియేట్’ నొక్కండి. ఆ తర్వాతే రిజిస్ట్రీ ఎడిటర్. మార్చబోయే కీ మీద రైట్ క్లిక్ చేసి ‘ఎక్స్‌పోర్ట్’ కొట్టి, ఆ ఫైల్‌ను దాచుకోండి. తేడా వస్తే దాన్ని డబుల్ క్లిక్ చేస్తే తీసేసినవి తిరిగి వస్తాయి, కొత్తగా చేర్చినవి మాత్రం పోవు. విండోసే తెరుచుకోకపోతే రికవరీ స్క్రీన్‌లో సిస్టమ్ రిస్టోర్ ఉంటుంది. అది ఫోటోలు, డాక్యుమెంట్ల జోలికి పోదు. రిస్టోర్ పాయింట్ తర్వాత వేసుకున్న ప్రోగ్రాములు మాత్రం మళ్లీ వేసుకోవాలి.

స్క్రీన్ మీద వార్నింగ్‌తో పాటు ఫోన్ నంబర్ కూడా కనిపిస్తే అది మోసమే. ఆ నంబర్‌కు కాల్ చేయొద్దు, ఎవరు అడిగినా రిమోట్ యాప్ వేయొద్దు. డబ్బు పోయిందంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకూ చెప్పండి.