ఒంట్లో గాలి దిగేదాకా దీవిలోనే

పిల్లలూ, మన పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం కంపెనీల్లో పనిచేసే కుర్రకారు ఇప్పుడు అండమాన్ బాట పడుతున్నారు. నలుగురు కలిసి సెలవు పెట్టుకోవడం, హేవ్‌లాక్‌లో, అంటే ఇప్పటి స్వరాజ్ ద్వీప్‌లో, స్కూబా డైవింగ్ చేసి రావడం. చాలా సంతోషం. అయితే మా మనవరాలు తెచ్చి చూపించిన ప్లాన్‌లో డైవింగ్ ఆఖరికి ఉంది. పొద్దున నీళ్లలో దిగి, సాయంత్రానికల్లా విమానం ఎక్కేయాలట! తిరగేయమన్నాను. డైవింగ్ ముందు కానిచ్చేసి, ఊళ్లు చూడడం తర్వాత పెట్టుకోమన్నాను. ఎందుకో మీకూ చెప్తాను.

బల్క్ డ్రగ్ ప్లాంట్లలో హైడ్రోజనేషన్ చేసే ఆటోక్లేవ్ మీలో చాలామంది చూసే ఉంటారు. హైడ్రోజన్ మామూలుగా సాల్వెంట్‌లో కరగనని మొండికేస్తుంది. ఐదారు కేజీల ప్రెషర్ పెడితే దారికొస్తుంది. ఎంత నొక్కితే అంత కరుగుతుంది. 1803లో మాంచెస్టర్‌లో విలియం హెన్రీ తేల్చిన సూత్రం ఇదే. రియాక్షన్ అయ్యాక ఆ ప్రెషర్ దింపడంలోనే ఉంటుంది పనితనమంతా. వెంట్ వాల్వ్ కొంచెం కొంచెం తిప్పుతూ, గేజి ముల్లు మెల్లగా కిందికి జారేలా చూసుకోవాలి. తొందరపడి ఒక్కసారే తెరిచారా, కరిగి ఉన్న గ్యాసంతా బుడగలై లేస్తుంది. మాస్ నురగ కట్టి వెంట్ లైన్లోకి ఎక్కేస్తుంది. పాత ఆపరేటర్లు ప్రెషర్ దింపేటప్పుడు ఎవరు పిలిచినా తల తిప్పరు, గమనించండి.

డైవింగ్ చేసేవాళ్ల ఒంట్లో జరిగేదీ ఇదే. నీళ్లలో పది మీటర్లు దిగితే, ప్లాంటు లెక్కలో చెప్పాలంటే, ఒక కేజీ ప్రెషర్ పెరుగుతుంది. సరదాగా ఒక్కసారి చూద్దామని వచ్చేవాళ్లను పన్నెండు మీటర్లు దాటనివ్వరు. ఓపెన్ వాటర్ కోర్సు చేసినవాళ్లు 18 మీటర్ల దాకా పోవచ్చు. అక్కడి ఒత్తిడి ఒడ్డు మీది ఒత్తిడికి 2.8 రెట్లు. వీపున ఉన్న సిలిండర్‌లో ఆక్సిజన్ ఉంటుందనుకుంటారు చాలామంది. కాదు, సాధారణంగా మనం పీల్చే గాలే, గట్టిగా కూరి ఉంటుంది. అందులో నూటికి 78 పాళ్లు నైట్రోజన్. రియాక్టర్ మీద నైట్రోజన్ బ్లాంకెట్ ఎందుకు వేస్తాం? దేనితోనూ తొందరగా కలవదు గనుక. ఒంట్లోనూ దానిది అదే తీరు. ఆక్సిజన్‌ను కణాలు వాడేసుకుంటాయి, నైట్రోజన్ జోలికి పోవు. అది రక్తంలో, కండలో, కొవ్వులో కరిగి అలాగే కూర్చుంటుంది. కొవ్వులోనైతే నీళ్లలో కంటే దాదాపు ఐదు రెట్లు ఎక్కువ కరుగుతుంది. బయటికి రావాలంటే వచ్చిన దారినే, రక్తంలో కలిసి ఊపిరితిత్తుల మీదుగా రావాలి.

దీన్ని లెక్కగట్టిన మహానుభావుడు జె.ఎస్. హాల్డేన్. బాయ్‌కాట్, డమాంట్ అనే ఇద్దరితో కలిసి మేకలను ఇనుప గదిలో పెట్టి, గాలి ఒత్తిడి పెంచి, తర్వాత దింపి చూశాడు. తొందరగా దింపితే మేక ముందుకాలు పైకెత్తి నిలబడిపోయేది. కీలులో బుడగ చేరి నొప్పి పెడుతోందన్నమాట. 1908లో వాళ్లు అచ్చువేసిన పత్రంలో ఉన్న గొప్ప సంగతేమిటంటే, ఒంట్లో అన్ని భాగాలూ ఒకే వేగంతో నిండవు, ఒకే వేగంతో ఖాళీ కావు. హాల్డేన్ లెక్కలో అన్నిటికన్నా చురుకైన భాగం ఐదు నిమిషాల్లో సగం ఖాళీ అవుతుంది, అన్నిటికన్నా నిదానమైనది 75 నిమిషాలకు. తర్వాత స్విట్జర్లాండ్ వైద్యుడు ఆల్బర్ట్ బూల్‌మన్ ఆ నిదానాన్ని 635 నిమిషాల దాకా తీసుకుపోయాడు. అంటే సగం దిగడానికే పదిన్నర గంటలు. నిండడానికీ అంత సమయమే పడుతుంది గనుక ఒక్క డైవ్‌తో అందులో చేరేది కొంచెమే. రోజుకు రెండేసి చొప్పున వరసగా దిగేవాళ్లకు మాత్రం నిన్నటిది పోకముందే ఇవాళ్టిది వచ్చి చేరుతుంది.

ఇక విమానం సంగతి. లోపల కేబిన్‌లో ఒత్తిడిని దాదాపు 2400 మీటర్ల కొండ మీద ఉండేంతకు తగ్గనిస్తారు, అంటే సముద్రం ఒడ్డున ఉన్నదానిలో ముప్పావు వంతు. నీళ్లలోంచి మెల్లగా, పద్ధతిగా పైకొచ్చి, ఆ సాయంత్రమే విమానం ఎక్కితే వెంట్ వాల్వ్‌ను ఇంకో రెండు చుట్లు ఒక్కసారే తిప్పినట్టు. ఒక్క డైవే చేస్తే కనీసం 12 గంటలు, ఎక్కువ డైవ్‌లు చేస్తే కనీసం 18 గంటలు ఆగాలని 2002లో డైవింగ్ వైద్య నిపుణులు కూర్చుని తేల్చారు. 24 గంటలు ఆగమనే శిక్షకులూ ఉన్నారు. నన్నడిగితే రెండు రోజులు ఆగండి. ఆ రెండు రోజులూ చూడ్డానికి అక్కడ బోలెడంత ఉంది.

ముందు బారాటాంగ్ వెళ్లండి. దారి జారవా అనే ఆదివాసుల అడవిలోంచి పోతుంది. బండ్లను వరసకట్టించి వదులుతారు. మధ్యలో ఆపడం, ఫొటోలు తీయడం నేరం. అది వాళ్ల ఇల్లు, మనం దాటిపోవాలంతే. అవతల మడ అడవుల సందుల్లోంచి పడవలో వెళ్తే సున్నపురాయి గుహలు. అక్కడ కప్పు నుంచి వేలాడే రాతి ఊడల కింద నిలబడి చివర ఉన్న నీటిబొట్టును చూడండి. నేల పొరల్లోంచి ఇంకుతూ ఆ నీరు కార్బన్ డయాక్సైడ్ పట్టుకుంది, దాని బలంతో సున్నపురాయిని కరిగించుకుంది. గుహ గాలి తగలగానే గ్యాస్ జారుకుంటుంది. కరిగిన సున్నం ఇక నిలవలేక అక్కడే రాయై అంటుకుంటుంది. ఆ చుట్టుపక్కలే బురద అగ్నిపర్వతం ఉంది. మంటా లేదు, పొగా లేదు, బూడిదరంగు బురద గుంటలో బుడబుడమని బుడగలు. కింద లోతుల్లో ఒత్తిడికి అణిగి ఉన్న గ్యాస్ పైకొచ్చేకొద్దీ బుడగలుగా విడిపోయి బురదను తోసుకొస్తోంది. మీ ఒంట్లో నైట్రోజన్ మాత్రం అదే సమయంలో బుడగ కట్టకుండా, ఊపిరికింత చొప్పున మెల్లగా దిగిపోతుంటుంది. ఈ సూత్రాన్ని ఇంతకంటే బాగా ఏ పుస్తకమూ చెప్పలేదని నా నమ్మకం.

దిగ్లీపూర్ దగ్గరి శాడిల్ పీక్ మాత్రం డైవింగ్ అయిన మర్నాడే పెట్టుకోవద్దు. 732 మీటర్లు, అండమాన్‌లో అంతకన్నా ఎత్తైన కొండ లేదు. విమానం కోసం చెప్పిన గంటల లెక్క 600 మీటర్లు దాటిన ఎత్తులన్నిటికీ వర్తిస్తుంది. పైగా ఆయాసం తెప్పించే ఎక్కుడు. మన శంషాబాద్ విమానాశ్రయమే 600 మీటర్లు దాటి ఉంది, పటాన్‌చెరు ఇక్రిశాట్ పొలాలు 545 మీటర్ల ఎత్తున ఉన్నాయి. సముద్రం ఒడ్డు నుంచి చూస్తే మనం మిట్ట మీద కాపురముంటున్నవాళ్లం.

ఇక పోర్ట్ బ్లెయిర్ చూడండి. దానికి 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. తెలుగు మాటకు అక్కడ కరువు లేదు, 2011 జనాభా లెక్కల్లో ఆ దీవుల్లో నూటికి 13 మంది తెలుగువాళ్లే. 1906లో పూర్తయిన సెల్యులార్ జైలును తీరిగ్గా, కనీసం ఒక పూట చూడండి. ఆ జైలు కట్టకముందే మన హైదరాబాద్ మనిషిని ఆ దీవులకు పంపారు. 1857 జూలై 17న కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ మీద దాడికి నాయకత్వం వహించిన మౌల్వీ అలావుద్దీన్ ఆయన. ఆయన జతగాడు తుర్రెబాజ్ ఖాన్‌ను మన పాత మెదక్ జిల్లా తూప్రాన్ దగ్గర చంపేశారు. మౌల్వీ అండమాన్‌లోనే కన్నుమూశాడు. అక్కడికెళ్లి ఆ పేరు తలుచుకోకుండా వస్తే నాకు బాధగా ఉంటుంది.

ఇంకొక్క మాట, దీన్ని మాత్రం ఫోన్లో రాసి పెట్టుకోండి. డైవింగ్ చేశాక ఒకటి రెండు రోజుల్లో భుజమో మోకాలో లోపల్నుంచి సలపడం, చర్మం దురద పెట్టి మచ్చలు తేలడం, చేతులో కాళ్లో తిమ్మిరెక్కడం, ఎన్నడూ లేనంత నీరసం వస్తే సిలిండర్ మోసిన నొప్పులేలే అని పడుకోవద్దు. ఇంటికొచ్చాక మొదలైనా సరే, వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి. సముద్రానికి ఇంత దూరంలో ఉన్న మన ఊరి డాక్టరు ముందు బెణుకనే అనుకుంటాడు. అందుకని గదిలో అడుగుపెట్టగానే మీరే చెప్పాలి, ఫలానా రోజు, ఇన్ని మీటర్ల లోతుకు, ఇన్నిసార్లు దిగాను, ఇన్ని గంటలకు విమానం ఎక్కాను అని. అప్పుడాయన ఆక్సిజన్ పెట్టించి, మళ్లీ ఒత్తిడి ఎక్కించి దింపే గది ఎక్కడుందో కనుక్కుని అక్కడికి పంపుతాడు.