రాతిగోడ లోపలి ఏదెను

సండే స్కూల్లో ద్వితీయోపదేశకాండం 22వ అధ్యాయం చెప్పడమంటే నాకెంతో ఇష్టం. దారిలో పక్షిగూడు కనబడితే పిల్లలను తీసుకున్నా తల్లిని మాత్రం వదిలేయాలని అందులో ఆజ్ఞ ఉంది. 20వ అధ్యాయమైతే యుద్ధంలో పట్టణాన్ని ముట్టడించినా పండ్లచెట్ల మీద గొడ్డలి వేయొద్దంటుంది. ధర్మశాస్త్రంలోనే మరోచోట, ఏడో ఏట పొలాన్ని బీడు పెట్టాలని ఉంది. అందులో దానంతటదే పండింది పేదలకు, వాళ్లు వదిలింది అడవి జంతువులకు. మనిషి ఎంతవరకు తీసుకోవచ్చో గీత గీసిన ధర్మశాస్త్రం ఇది.

1967లో లిన్ వైట్ అనే అమెరికన్ చరిత్రకారుడు 'సైన్స్' పత్రికలో పాశ్చాత్య క్రైస్తవాన్ని గట్టిగా నిలదీశాడు. ప్రకృతి ఉన్నది మనిషి వాడుకోవడానికేనన్న భావన దానివల్లే బలపడిందన్నాడు. ఆ నింద చాలామందిని నొప్పించింది. అందులో సగం నిజమనే నా నమ్మకం. ఆదికాండంలో భూమిని ఏలమన్న మొదటి అధ్యాయం మనకు కంఠతా వచ్చు. తోటను సాగుచేసి కాయమన్న రెండో అధ్యాయానికి వచ్చేసరికి గొంతు తగ్గిపోతుంది.

ఆ రెండో అధ్యాయాన్ని బతికిస్తున్నవాళ్లు ఇథియోపియాలో ఉన్నారు. ఉత్తరాన అమ్హారా ప్రాంతంలో పొలాలకూ మేతకూ అడవులు దాదాపు పోయాయి. మిగిలినవి ఎక్కువగా ఆర్థడాక్స్ చర్చిల చుట్టూ ఉన్న తోపులే. చాలావరకు కొద్ది హెక్టార్లే. నడుమ గుండ్రటి చర్చి, చుట్టూ జూనిపర్, అడవి ఆలివ్ చెట్లు. ఆ అడవి ఏదెను తోటకు ప్రతిరూపమని అక్కడి విశ్వాసం, అందుకే గొడ్డలి లోపలికి వెళ్లడానికి జంకింది.

పశువులు మాత్రం జంకలేదు. మొలకలను మేసేసేవి, తొక్కేసేవి. పెద్దచెట్లున్నా వాటి తర్వాతి తరం లేదు. అలెమాయెహు వాస్సీ అనే ఇథియోపియా అటవీ శాస్త్రవేత్త, అమెరికా శాస్త్రవేత్త మార్గరెట్ లోమన్ అక్కడి పూజారులతో కూర్చుని మాట్లాడారు. ఊరివాళ్లు తమ పొలాల్లోని రాళ్లేరి అడవుల చుట్టూ గోడలు కట్టారు. పొలాలు శుభ్రపడ్డాయి, గోడ లోపల మొలకలు మళ్లీ లేచాయి. ఆ తోపుల్లోని తేనెటీగలు చుట్టుపక్కల పంటలకూ పనికొస్తాయి.

బండ్లు నిలపడానికి వేపచెట్లు కొట్టిన చర్చి ఆవరణలు మన జిల్లాల్లో చూస్తే నాకు కడుపు మండుతుంది. కోత పండుగకు ధాన్యం బస్తాలు, గుమ్మడికాయలు, కోళ్లు తెచ్చి వేలం వేసి దేవునికి కృతజ్ఞత చెబుతాం. అవి పండిన నేలకు ఏం ఇస్తున్నాం? ఈసారి వేలం డబ్బులో కొంత తీసి కానుగ, నేరేడు నాటాలని, మూడేళ్లు నీళ్లు పోసే మనిషికి జీతమివ్వాలని మా సంఘ పెద్దలను అడిగాను. స్థలం చూపించమన్నారు. తూర్పు గోడ పక్కన, బోరుకు దగ్గర్లో చూపించాను.