కాగబెడితే పోయే విషం కాదిది

ఎండలు ముదిరి కాలవ కట్టేశారంటే పల్నాటి పల్లెల్లో మంచినీళ్ల చెరువుల రంగు మారుతుంది. నాగార్జునసాగర్ కుడికాలవ పారినప్పుడు నింపుకున్న చెరువే వేసవంతా ఎన్నో ఊళ్లకు దిక్కు. నీళ్లు నానాటికీ తగ్గుతాయి, వేడెక్కుతాయి, కదలకుండా నిలబడిపోతాయి. అప్పుడు గాలివాటుకు ఒక మూల పచ్చరంగు ఒలకబోసినట్టు పాచి చేరుతుంది.

మాచర్ల వైపు ఒక ఊళ్లో కూలీల దగ్గర కూర్చున్నప్పుడు ఈ మాటే వచ్చింది. "ఈ నీళ్లు ఎట్టా తాగుతున్నారు పెద్దమ్మా?" అని అడిగాం. "గుడ్డేసి వడగట్టి కాగబెట్టుకుంటన్నాంలే అబ్బాయా, ఇంకేం జేస్తాం?" అన్నది. మేమూ ఏళ్ల తరబడి మీటింగుల్లో చెప్పింది అదే. కలరాకు, విరేచనాలకు ఆ మాట ఇప్పటికీ సరైనదే. ఈ పాచి దగ్గర మాత్రం అది పనికిరాదు. ఈ సంగతి మాకూ ఆలస్యంగా తెలిసింది. అందుకే రాస్తున్నాం.

ఏమిటీ పాచి?

చెరువులో పెరిగే ప్రతి పాచీ విషం కాదు. పుల్లతో లేపితే పీచులాగా వచ్చేదానితో సామాన్యంగా భయం లేదు. పుల్లకు రంగు పూసినట్టు అంటుకునేదాన్నే అనుమానించాలి. దాన్ని నీలి ఆకుపచ్చ పాచి అంటారు. నిజానికి అదొక జాతి బాక్టీరియా. అందులో మైక్రోసిస్టిస్ వంటివి మైక్రోసిస్టిన్ అనే విషాన్ని తయారుచేస్తాయి. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. నీళ్లు మరిగితే పాచి కణాలు పగిలి లోపలి విషం బయటికొస్తుంది, విషం మాత్రం చావదు. మైలుతుత్తం చల్లి పాచిని ఒక్కసారిగా చంపినా జరిగేది ఇంతే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగేనీటిలో ఈ విషానికి లీటరుకు 1 మైక్రోగ్రామును, ఈతకొట్టే నీటిలో 24 మైక్రోగ్రాములను హద్దుగా పెట్టింది. 1996లో బ్రెజిల్‌లోని కరువారు పట్టణంలో ఇలాంటి నీళ్లు డయాలిసిస్‌కు వాడితే 52 మంది ప్రాణాలు పోయాయి. 2014 ఆగస్టులో అమెరికాలోని టొలీడో నగరంలో సుమారు నాలుగు లక్షల మందిని కుళాయి నీళ్లు తాగొద్దు, కాచనూ వద్దు అని హెచ్చరించారు. అక్కడ పరీక్ష ఉంది గనుక హెచ్చరిక వచ్చింది. మరి మన చెరువు గట్టున?

పాపం ఎవరిది?

పాచికి మేత నత్రజని, భాస్వరం. చేలల్లో వేసిన యూరియా, డి.ఎ.పి. వానకు కొట్టుకొచ్చి చేరుతుంది, నిజమే. అంతమాత్రాన రైతునొక్కణ్ణే దోషిగా నిలబెడితే ఒప్పుకోం. హైదరాబాదు మురుగును మోసుకొచ్చే మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. దాని ఇవతలి గట్టు మన దాచేపల్లి ప్రాంతమే. ఆ నీళ్లే పులిచింతలలో నిలుస్తాయి. నగరాల మురుగును శుద్ధిచేయని పాలకులకు ఇందులో వాటా లేదా?

బోరు నీళ్లు తాగమందామా అంటే వినుకొండ, బొల్లాపల్లి వైపు ఫ్లోరైడు. సాగర్‌లో లాంచీ ఎక్కి నాగార్జునకొండకు పోయే యాత్రికుడి చేతిలో సీసా నీళ్లుంటాయి. మిరపకోతకు పోయే కూలీకి కాలవే గతి, చెరువే గతి.

ఏం చేయాలి?

2019లో మొదలైన జలజీవన్ మిషన్ కింద ఊరికి అయిదుగురు ఆడవాళ్లకు నీటిపరీక్ష నేర్పాలన్నారు. ఆ కిట్లు ఫ్లోరైడు, నైట్రేటు, క్లోరిన్ చూస్తాయి గానీ పాచి విషాన్ని చూడవు. కాబట్టి ఎండాకాలమంతా వారానికొకసారి చెరువు రంగు చూసి పుస్తకంలో రాయాలి. అనుమానం తగిలితే నమూనాను ప్రయోగశాలకు పంపాలి. ఫలితం పంచాయతీ గోడమీద తెలుగులో అంటించాలి. విషం తేలితే ట్యాంకర్లతో మంచినీళ్లు తోలాలి.

ఈలోగా పాచిని ఉత్తచేత్తో తాకొద్దు. పిల్లల్ని అందులో దిగనీయొద్దు. గొడ్లను, గొర్రెలను ఆ మూలకు తోలొద్దు, అవీ చస్తాయి. ఆ పాచి కనపడిన చెరువు నీళ్లు కాచి తాగితే చాలని ఎవరన్నా చెబితే నమ్మొద్దు.

సోమవారం నరసరావుపేట కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకుంటారు. ఊరూరా సంతకాలు పెట్టించి పోదాం. అర్జీతోపాటు చెరువు నీళ్లు ఒక సీసాలో పట్టుకుపోదాం.