పాప బ్రష్షు మీద ఎంత పేస్టు?

మా ఇంట్లో నాయనమ్మ నవ్వేటప్పుడు కొంగు అడ్డం పెట్టుకుంటుంది. ఆమె పుట్టి పెరిగింది నల్గొండ జిల్లాలోని ఒక పల్లె. ఆ ఊరి బావినీళ్ళలోని ఫ్లోరైడ్ ఆమె ముందుపళ్ళ మీద గోధుమరంగు చారలుగా నిలిచిపోయింది. కాస్త పలచగా అవే చారలు ఆమె కొడుకు పళ్ళ మీదా ఉన్నాయి. అందుకే మాకు పాప పుట్టినప్పుడు, ఫ్లోరైడ్ అన్న మాట రాసి ఉన్న ట్యూబు ఏదీ గడప దాటి లోపలికి రాకూడదని తీర్మానించుకున్నాం. అట్ట మీద ఏనుగు బొమ్మ, స్ట్రాబెర్రీ వాసన, ఫ్లోరైడ్ లేని పేస్టు! పాప దాన్ని ఎంతో ఇష్టంగా తోముకునేది, మేము చూడనప్పుడు నాకేసేది కూడా.

నాలుగో ఏడు వచ్చేసరికి పై ముందుపళ్ళు నాలుగూ చిగురు దగ్గర పుచ్చిపోయాయి. ఒక రాత్రంతా నొప్పితో ఏడ్చింది. మరునాడు పళ్ళ డాక్టరమ్మ దగ్గరకు తీసుకువెళ్ళాం. మా కథంతా విని ఆమె అడిగిన మొదటి ప్రశ్న, "ఇప్పుడు మీరు తాగేది ఏ నీళ్ళమ్మా?" అని. హైదరాబాదులో కుళాయికి వచ్చే కృష్ణా నీళ్ళు. మా భయమంతా నాయనమ్మగారి ఊరి బావి గురించి. ఆ బావినీళ్ళు పాప ఒక్క చుక్క కూడా తాగలేదు. రెండో ప్రశ్న, "పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయేదా?" దానికి ఇద్దరం తల దించుకున్నాం. రెండున్నరేళ్ళు వచ్చే దాకా అదే అలవాటు. తప్పంతా పేస్టు మీదికి నెట్టడం న్యాయం కాదు.

ఫ్లోరైడ్ భయం మన ప్రాంతాల్లో ఊరికే పుట్టింది కాదు. 1937లోనే అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో నెల్లూరు జిల్లా పల్లెల్లో ఈ జబ్బును డాక్టర్లు గుర్తించారు. నల్గొండ పల్లెల్లో నడుములు వంగిపోయిన వారిని చూసినవారెవరూ ఆ దృశ్యాన్ని మరువలేరు. అయితే నీటితో కడుపులోకి రోజూ, ఏళ్ళ తరబడి వెళ్ళే ఫ్లోరైడ్ వేరు, పంటిపైన కాసేపు నిలిచి పైపొరను గట్టిపరిచే ఫ్లోరైడ్ వేరు. పంటిని పుచ్చనివ్వని గుణం పేస్టులో ప్రధానంగా దానిదే. నురగకు ఆ గుణం లేదు, వాసనకూ లేదు.

మరి చిక్కు ఎక్కడ? చిన్నపిల్లలు పేస్టును ఉమ్మరు, మింగుతారు. వారి శాశ్వత ముందుపళ్ళు చిగుళ్ళ లోపల తయారవుతున్న కాలం అదే. అప్పుడు ఎక్కువగా మింగితే రాబోయే పళ్ళ మీద మచ్చలు పడవచ్చు. కాబట్టి లెక్క తెలుసుకోవాలి. మన దేశంలో పేస్టులో ఫ్లోరైడ్ 1000 పి.పి.ఎం. మించరాదు, ఎంత ఉన్నదీ ట్యూబు మీద అచ్చు వేయాలి. 1000 పి.పి.ఎం. అంటే ఒక గ్రాము పేస్టులో ఒక మిల్లీగ్రాము. ప్రకటనల్లో చూపించినట్టు పెద్దల బ్రష్షు ఈ కొస నుండి ఆ కొస వరకు నింపితే సుమారు ఒక గ్రాము. పాప రెండుపూటలా అంతా మింగితే రెండు మిల్లీగ్రాములు! లీటరు తాగునీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు 1.5 మిల్లీగ్రాములే. అదే బియ్యపుగింజంత పేస్టయితే 0.1 మిల్లీగ్రాము, మింగినా భయం లేదు. మూడేళ్ళ లోపు బియ్యపుగింజంత, మూడు నుండి ఆరేళ్ళ వరకు బఠాణీగింజంత. డాక్టరమ్మ మాకు తన చిటికెన వేలి మీద పెట్టి మరీ చూపించారు.

ట్యూబుపై బొమ్మల కంటే వెనుకనున్న చిన్న అక్షరాలు చదవండి. పిల్లల పేస్టు అని అమ్మేవాటిలో కొన్నింటిలో ఫ్లోరైడ్ అసలే ఉండదు, కొన్నింటిలో 500 లోపు ఉంటుంది, కొన్నింటిలో 1000. ట్యూబు చివరనున్న రంగు చతురస్రం చూసి 'ఆకుపచ్చ అయితే సహజం' అనుకునేవారు మా బంధువుల్లోనే ఉన్నారు. అది యంత్రం ట్యూబును సరైన చోట కత్తిరించడానికి వేసిన గుర్తు మాత్రమే. పళ్ళు తెల్లబరిచే పేస్టులు, బొగ్గు పేస్టులు లేత పళ్ళకు గరుకు. పళ్ళపొడులూ అంతే. పొగాకు కలిపిన పళ్ళపొడులను, పేస్టులను ప్రభుత్వం 1992లో నిషేధించింది, ఎవరైనా తెచ్చి ఇచ్చినా పిల్లల దరిదాపులకు రానీయకండి.

మీది ఇప్పటికీ బోరునీరు తాగే ఊరయితే మాత్రం మా మాట అలాగే పాటించకండి. ముందు నీటిని గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలో పరీక్ష చేయించండి. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. హద్దు మించితే ఆరేళ్ళ లోపు పిల్లలకు ఏ పేస్టో డాక్టరును అడిగే నిర్ణయించుకోండి.

పాపకు రెండు పళ్ళకు సిమెంటు పెట్టారు, రెండు తీసేశారు. ఇప్పుడు రాత్రిపూట మాలో ఒకరం తోమిస్తాం, ఏడెనిమిదేళ్ళు వచ్చే దాకా ఆ పని పెద్దలదే. తోమాక ఉమ్మడమే, నీళ్ళతో పదేపదే పుక్కిలించడం లేదు. స్ట్రాబెర్రీ ట్యూబు పోయిందని వారం రోజులు అలిగింది. నాయనమ్మ వేపపుల్లతో పక్కనే కూర్చుని, "ఉమ్మెయ్యి బంగారం, ఉమ్మెయ్యి" అంటూ ఉంటే బొక్కినోటితో పకపకా నవ్వుతూ ఉమ్ముతోంది. ఆ నవ్వు చూసి నాయనమ్మ కొంగు అడ్డం పెట్టుకోవడం మరిచిపోతోంది.