క్లిక్కుకు ఎన్ని మిల్లీమీటర్లు?

రోడ్ బైక్‌ను విడిభాగాలు కొని సొంతంగా కట్టుకునేవాళ్లు ఇప్పుడు మన ఊళ్లలోనూ ఉన్నారు. ఫ్రేము ఒకచోట, చక్రాలు మరోచోట, గేర్ల సామాను ఎవరో మిత్రుడు అమ్ముతుంటే అతని దగ్గర కొంటారు. ఫ్రేము సైజు తప్పితే నడుము నొప్పి చెబుతుంది. టైరు సైజు తప్పితే రిమ్ముకు ఎక్కించేటప్పుడే తెలిసిపోతుంది. గేర్ల సామాను అలా కాదు. అన్నీ చక్కగా బిగుస్తాయి. తీరా తొక్కడం మొదలుపెట్టాక చైను టకటకమంటుంది, అడిగిన గేరు పడదు, ఎత్తులో పెడల్ మీద నిలబడగానే చైను జారుతుంది. మెకానిక్ స్క్రూలు తిప్పుతాడు, వైరు బిగిస్తాడు, మళ్లీ వదులు చేస్తాడు. ఒక గేరుకు సరిచేస్తే ఇంకో గేరు చెడుతుంది. ఇందులో అతని పనితనం లోపమేమీ లేదు. ఆ భాగాల లెక్కలే కలవవు, ఆ లెక్కను ఏ స్క్రూతోనూ మార్చలేం.

కంపెనీ ఒకటే అయితే చాలనీ, పెట్టెల మీద ‘10 స్పీడ్’ అని ఒకే అంకె ఉంటే చాలనీ చాలామంది నమ్మకం. ఆ రెండూ చాలవు. చూడాల్సింది మిల్లీమీటర్లు.

ముందు చైను సంగతి. ఇప్పుడు మనం వాడే రోలర్ చైనుకు 1880లో ఇంగ్లండ్‌లో హాన్స్ రెనాల్డ్ పేటెంట్ తీసుకున్నాడు. సైకిల్ చైనులో ఒక రోలర్ నుంచి పక్క రోలర్‌కు దూరం అరంగుళం, అంటే 12.7 మి.మీ. పాలక్యాన్లు కట్టుకుని తిరిగే పాత నల్ల సైకిల్‌కూ, లక్షల రూపాయల రేసు సైకిల్‌కూ ఈ కొలత ఒకటే. మారుతూ వచ్చింది వెడల్పు. వెనక హబ్బు మీద గుత్తిగా ఉండే పళ్ల చక్రాలను క్యాసెట్ అంటారు. అందులో చక్రాల సంఖ్యనే ‘స్పీడ్’ అంటారు. అది 8 నుంచి 9కి, 10కి, 11కి, 12కి పెరిగింది. ఫ్రేములో చోటు మాత్రం ఆ లెక్కన పెరగలేదు. దాంతో చక్రాలు ఒకదానికొకటి దగ్గరయ్యాయి, వాటి మధ్య ఇమడడానికి చైను సన్నబడింది. 8 స్పీడ్ చైను బయటి వెడల్పు సుమారు 7.1 మి.మీ. ఉంటే 11 స్పీడ్ చైనుది సుమారు 5.5 మి.మీ. మాత్రమే. కాబట్టి చైనును క్యాసెట్ స్పీడును బట్టే కొనాలి. వెడల్పు చైను అయితే పక్క చక్రానికి రాసుకుంటుంది.

అసలు చిక్కు చేత్తో గేరు మార్చే షిఫ్టర్‌కూ, వెనక డీరైలర్‌కూ మధ్య ఉంటుంది. చైనును ఒక చక్రం మీంచి ఇంకో చక్రం మీదికి నెట్టే ఆ డీరైలర్‌ను సైకిల్ మిత్రులు ఆర్‌డీ అంటారు. 1980ల దాకా చాలా సైకిళ్లలో షిఫ్టర్‌కు క్లిక్కులు ఉండేవి కావు. లివర్‌ను కొంచెం కొంచెంగా జరుపుతూ, చైను చప్పుడు విని, సరిగా పడిందనిపించిన చోట ఆపేవారు. అప్పట్లో ఏ షిఫ్టర్ ఏ ఆర్‌డీతోనైనా దాదాపుగా పనిచేసేది. లెక్క వేసేది తొక్కేవాడి చెవి, చెయ్యి.

1984లో షిమానో అనే కంపెనీ తన డ్యూరా-ఏస్ 7400 వరుసలో క్లిక్కుల షిఫ్టర్ తెచ్చింది. దాని వెనక చెప్పుకోదగ్గ కథ ఒకటుంది. పాత ఆర్‌డీలు చైనును అడ్డంగా, నేలకు సమాంతరంగా జరిపేవి. క్యాసెట్ ఆకారమేమో ఒక వైపు సన్నం, ఒక వైపు లావు. అందువల్ల పెద్ద చక్రం దగ్గర ఆర్‌డీ పైచక్రం ఆనుకున్నట్టు ఉండేది, చిన్న చక్రం దగ్గర చాలా ఎడం వచ్చేది. ఎడం ఎక్కువైతే చైను వంగి సాగుతుందే తప్ప చెప్పిన చోట పడదు. 1964లో జపాన్‌లోని సన్‌టూర్ కంపెనీ ఇంజనీరు నొబుఓ ఒజాకి ఆర్‌డీని కదిలించే సమాంతర చతుర్భుజపు చట్రాన్ని ఏటవాలుగా పెట్టాడు. ఆర్‌డీ పక్కకు జరుగుతూనే కిందికీ దిగుతుంది, క్యాసెట్ వాలునే అనుసరిస్తుంది. ఎడం అన్ని గేర్లలో దాదాపు ఒకటే. ఆ పేటెంట్ గడువు 1984లో తీరింది. షిమానో ఆ ఏటవాలు నిర్మాణాన్ని తీసుకుని క్లిక్కుల షిఫ్టర్‌తో జతచేసింది. ఇప్పుడు అమ్మే ఆర్‌డీల్లో చాలావాటిలో ఒజాకి ఆలోచన ఉంది. ఆయన పేరు ఇంకా ఎక్కువమందికి తెలియాల్సింది.

క్లిక్కు వచ్చాక చెవి చేసే పని యంత్రం చేతికి వెళ్లింది. షిఫ్టర్‌ను ఒకసారి నొక్కితే అది గేరు వైరును కొంత దూరం లాగుతుంది. ఆ లాగుడును ఆర్‌డీ తన నిర్మాణాన్ని బట్టి ఒక గుణకంతో పెంచి చైనును పక్కకు జరుపుతుంది. అలా జరిగిన దూరం, క్యాసెట్‌లో ఒక చక్రానికీ పక్క చక్రానికీ ఉన్న దూరంతో సమానం కావాలి. ఎక్కడ ఏ కంపెనీ సామాను కలిసినా, కలవకపోయినా కారణం ఈ చిన్న గుణకారమే.

షిమానో పాత రోడ్ వరుసల్లో చాలావాటికి ఆర్‌డీ గుణకం సుమారు 1.7. 8 స్పీడ్ షిఫ్టర్ క్లిక్కుకు 2.8 మి.మీ. లాగుతుంది. 1.7తో గుణిస్తే 4.76. క్యాసెట్‌లో ఎడం 4.8 మి.మీ. కలిసింది. 9 స్పీడ్‌కు లాగుడు 2.5, ఎడం 4.35. 10 స్పీడ్‌కు లాగుడు 2.3, ఎడం 3.95. పదో వంతు తేడాలను ఆర్‌డీ పైచక్రంలో ఉండే పక్కవాటు కదలిక సర్దుకుంటుంది. 11 స్పీడ్‌కు వచ్చేసరికి షిమానో పద్ధతి మార్చి గుణకాన్ని 1.4కు తగ్గించింది, షిఫ్టర్ లాగుడును 2.7కు పెంచింది. నా దృష్టిలో ఇది మంచి మార్పు. దుమ్ము పట్టో, తడిసో వైరు ఒక చోట 0.2 మి.మీ. పట్టేసిందనుకోండి. 1.7 గుణకంలో చైను 0.34 మి.మీ. తప్పుతుంది, 1.4లో 0.28. చక్రాలు దగ్గరైనకొద్దీ ఆ కాస్త తేడాకూ విలువ పెరుగుతుంది. మన ఎర్రమట్టి దారుల్లో ఇంకా పెరుగుతుంది.

దీనివల్ల వచ్చిన చిక్కు టియాగ్రా వరుసలో స్పష్టంగా కనిపిస్తుంది. టియాగ్రా 4600, టియాగ్రా 4700 రెండూ షిమానోవే, రెండూ 10 స్పీడే. కానీ 4700 కొత్త 1.4 పద్ధతిలో తయారైంది. 4600 షిఫ్టర్‌కు 4700 ఆర్‌డీ తగిలిస్తే ఏమవుతుందో లెక్క చూద్దాం. 2.3ను 1.4తో గుణిస్తే 3.22. కావాల్సింది 3.95. ఒక్కో క్లిక్కుకు 0.73 మి.మీ. తక్కువ. మొదటి క్లిక్కుకు వైరు కాస్త బిగించి నెట్టుకురావచ్చు. అయిదో క్లిక్కుకు లోటు 3.65 మి.మీ. అవుతుంది, అంటే దాదాపు ఒక చక్రమంత వెనకబడినట్టే. మెకానిక్ ఒక గేరుకు సరిచేస్తే ఇంకోటి చెడేది ఇందుకే.

దీనికి తిరగేసిన ఉదాహరణ కూడా ఉంది. షిమానో 9 స్పీడ్ మౌంటెన్ బైక్ ఆర్‌డీ గుణకమూ 1.7 చుట్టుపక్కలే. అందుకే పాత 10 స్పీడ్ రోడ్ షిఫ్టర్‌తో అది చక్కగా నడుస్తుంది, పైగా పెద్ద చక్రాలున్న క్యాసెట్‌ను మోస్తుంది. స్పీడు వేరు, సైకిల్ రకం వేరు, అయినా కలుస్తాయి. ఆర్‌డీకి ఎన్ని గేర్లున్నాయో తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. లెక్కపెట్టేది షిఫ్టర్. ఇక శ్రామ్ కంపెనీ 10 స్పీడ్ రోడ్ సామానులో లాగుడు సుమారు 3.1 మి.మీ., గుణకం 1.3. లబ్ధం మళ్లీ 4 దగ్గరే వస్తుంది. కాబట్టి శ్రామ్ 10 స్పీడ్ క్యాసెట్‌ను షిమానో సైకిల్‌కూ, షిమానోది శ్రామ్‌కూ వేసుకోవచ్చు. షిఫ్టర్, ఆర్‌డీ జతను మాత్రం విడదీయకూడదు.

ఇంతకీ కొనడం ఎక్కడ మొదలుపెట్టాలి? ఎక్కబోయే కొండ దగ్గర మొదలుపెట్టాలని నా అభిప్రాయం. శృంగవరపుకోట నుంచి అనంతగిరి మీదుగా అరకు ఎక్కాలని ఉందనుకోండి. సైకిల్‌తో కలిపి 80 కిలోల బరువు, 7 శాతం వాలు, కాళ్లలో నిలకడగా 150 వాట్ల శక్తి అనుకుందాం. లెక్క వేస్తే వేగం గంటకు 9 కి.మీ. దగ్గర తేలుతుంది. ముందు చిన్న చైన్‌వీలుకు 34 పళ్లు, వెనక పెద్ద చక్రానికి 28 పళ్లు ఉంటే, సైకిల్ చక్రం చుట్టుకొలత 2.1 మీటర్లు కాబట్టి పెడల్ ఒక చుట్టుకు సైకిల్ 2.55 మీటర్లు పోతుంది. అంటే నిమిషానికి సుమారు 59 చుట్లు. వెనక 34 పళ్ల చక్రం ఉంటే అదే వేగానికి సుమారు 71 చుట్లు. శక్తి ఒకటే అయినా రెండో దాంట్లో పెడల్ మీద పెట్టాల్సిన బలం 18 శాతం దాకా తగ్గుతుంది. రెండు గంటల ఘాట్ రోడ్డులో మోకాళ్లకు ఆ 18 శాతం చాలా పెద్ద ఊరట.

పెద్ద రేసర్లు వాడతారని 53 పళ్ల చైన్‌వీలు కొనేవాళ్లను చూస్తే బాధేస్తుంది. 50 పళ్ల చైన్‌వీలు, వెనక 11 పళ్ల చక్రంతో నిమిషానికి 90 చుట్లు తొక్కితేనే గంటకు 51 కి.మీ. దాటుతుంది. చదునైన దారిలో ఆ వేగాన్ని ఎంతసేపు నిలబెట్టగలం? మనలో ఎక్కువమందికి 50/34 చైన్‌వీళ్లు, 11-34 క్యాసెట్ సరైన జోడీ. ఇందులో ఒక నష్టం ఉంది, దాచకూడదు. 11-28 క్యాసెట్‌లో 11, 12, 13, 14, 15 అని వరసగా పళ్లు పెరుగుతాయి. 11-34లో 11, 13, 15, 17 అని గెంతుతాయి. ఎదురుగాలిలో గుంపుతో కలిసి తొక్కేటప్పుడు కాళ్ల లయకు సరిపడే గేరు దొరక్క ఇబ్బంది అవుతుంది. కొండలు అసలే ఎక్కనివారు, గోదావరి డెల్టా లాంటి చదును దారుల్లోనే తిరిగేవారు 11-28తో సుఖపడతారు.

క్యాసెట్ తేలాక ఆర్‌డీకి అది మోయదగ్గదేనా అని చూడాలి. రెండు హద్దులుంటాయి. ఒకటి, వెనక ఎన్ని పళ్ల చక్రం దాకా అందుకోగలదనేది. రెండోది, ఎంత చైను వదులును లాగి పట్టగలదనేది. ఈ రెండో దాన్ని ఇలా లెక్కిస్తారు: ముందు చైన్‌వీళ్ల పళ్ల తేడా, వెనక పెద్ద, చిన్న చక్రాల పళ్ల తేడా కూడాలి. 50/34కు 16, 11-34కు 23, మొత్తం 39. షిమానో 105 ఆర్7000 వరుసలో చైను వదులును లాగి పట్టే పంజరం పొట్టిగా ఉన్న ఎస్ఎస్ ఆర్‌డీ హద్దు 30 పళ్లు, 35 మొత్తం. పొడుగు పంజరమున్న జీఎస్ రకానిది 34 పళ్లు, 39 మొత్తం. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి, అడిగి కొనాలి. జీఎస్ రకానికి కింది హద్దు కూడా ఉంది, వెనక పెద్ద చక్రం 28 పళ్లకు తగ్గకూడదు.

చైను పొడుగు దగ్గర అజాగ్రత్త పనికిరాదు. ముందు పెద్ద చైన్‌వీలు, వెనక పెద్ద చక్రం మీద ఆర్‌డీ గుండా పోనివ్వకుండా చైను చుట్టి, కలిసిన చోటు నుంచి ఇంకో రెండు లింకులు, అంటే ఒక అంగుళం, కలిపి కత్తిరించాలి. పొట్టిదైతే, పొరపాటున ఆ గేరు పడిన రోజు ఆర్‌డీ విరిగి స్పోకుల్లో పడుతుంది.

చక్రం హబ్బు మీద క్యాసెట్ ఎక్కే గాడుల భాగాన్ని ఫ్రీహబ్ బాడీ అంటారు. షిమానో 11 స్పీడ్ రోడ్ బాడీ, దానికి ముందున్న 8, 9, 10 స్పీడ్ బాడీ కంటే 1.85 మి.మీ. పొడుగు. కొత్త చక్రానికి పాత క్యాసెట్ వేయాలంటే వెనక 1.85 మి.మీ. రింగు పెట్టాలి. కొన్ని 10 స్పీడ్ క్యాసెట్లకు ఇంకో 1 మి.మీ. రింగు కూడా కావాలి. రింగు మరిచిపోతే క్యాసెట్ గడగడ కదులుతుంది. పాత చక్రానికి 11 స్పీడ్ రోడ్ క్యాసెట్ మామూలుగా పట్టదు. షిమానో హెచ్‌జీ700, హెచ్‌జీ800 అనే 11-34 క్యాసెట్లు మాత్రం పడతాయి. వాటి పెద్ద చక్రం వెనక్కి, స్పోకుల మీదికి ఒరిగేలా చేసి ఆ 1.85 మి.మీ. ఆదా చేశారు. 10 పళ్ల చక్రంతో మొదలయ్యే శ్రామ్ 12 స్పీడ్ క్యాసెట్లు షిమానో బాడీ మీద కూర్చోవు, వాటికి ఎక్స్‌డీఆర్ అనే వేరే బాడీ ఉంది. కంపాన్యోలో కంపెనీ గాడులు ఇంకో తీరు.

పెడళ్ల దగ్గర బాటమ్ బ్రాకెట్ ఫ్రేమును బట్టి తెచ్చుకోవాలి. ఇంగ్లిష్ మర గొట్టం వెడల్పు 68 మి.మీ., కుడివైపు కప్పు ఎడమకు తిప్పితే బిగుస్తుంది. ఇటాలియన్ మరది 70 మి.మీ., రెండు కప్పులూ మామూలు మరలే. తెలియక బలం పెట్టి తిప్పితే ఫ్రేము మరలు పోతాయి.

షిమానో డీఐ2 లాంటి విద్యుత్ గేర్లలో వైరు లాగుడు లేదు, మోటారు ఎంత జరగాలో సాఫ్ట్‌వేర్ చెబుతుంది. గుణకారం తప్పింది గానీ క్యాసెట్ ఎడం, ఆర్‌డీ హద్దులు, ఫ్రీహబ్ కొలత తప్పలేదు. ఖరీదు బాగా ఎక్కువ. మొదటిసారి కట్టుకునేవారికి వైరు గేర్లే మేలు.

ఏ షిఫ్టర్ ఏ ఆర్‌డీతో, ఏ క్యాసెట్‌తో కలుస్తుందో షిమానో పట్టికలు వేసి అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంచుతోంది. మోడల్ నంబరు ఆర్‌డీ లోపలి వైపు ముద్రించి ఉంటుంది. వాడిన సామాను కొంటుంటే అమ్మే వ్యక్తిని ఆ వైపు ఫొటో అడగండి, షిఫ్టర్ నంబరు కూడా అడగండి, రెండూ ఆ పట్టికలో ఒకే వరుసలో కనిపించాకే డబ్బు కట్టండి.