రాతిని మింగిన కాపలావాడు

బాలలారా! మీలో చాలామంది హైదరాబాదు వెళ్లి చార్మినారు చూసే ఉంటారు. పాతబస్తీ పిల్లలైతే రోజూ దాని పక్కనుంచే బడికి పోతూ ఉంటారు. చార్మినారును 1591లో కట్టారు. దానికి కూతవేటు దూరంలో మక్కా మసీదు ఉన్నది. దాని పని 1617లో మొదలై, రాజులు మారి, రాజ్యాలు మారి, 1694లో గాని ముగియలేదు. ఈసారి అటు వెళ్లినప్పుడు ఆ రాతిని కాస్త దగ్గరగా చూడండి. అది గ్రానైటు. ఎండ పడితే అందులో చిన్న చిన్న చుక్కలు తళుక్కుమంటాయి.

ఆ మసీదు ఇంకా కడుతూ ఉండగా టావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వర్తకుడు ఈ ఊరు వచ్చాడు. అందులోని ప్రార్థన గూడు మొత్తం ఒకే బండ అనీ, దాన్ని గనిలోనుంచి తీయటానికి 5 ఏళ్లు పట్టిందనీ, 500, 600 మంది ఎడతెగకుండా పనిచేశారనీ, దాన్ని లాగటానికి 1,400 ఎడ్లు కావలసి వచ్చాయనీ ఆయన రాసిపెట్టాడు.

ఏళ్ల లెక్క ఉన్నది, ఎడ్ల లెక్క కూడా ఉన్నది. కాని ఉలిదెబ్బ పడినప్పుడల్లా రాతిపొడి లేస్తుంది కదా, ఆ పొడి అంతా ఏమైంది? కొంత నేల మీద పడింది. కొంత గాలికి కొట్టుకుపోయింది. మిగిలినది ఆ మనుషుల ఊపిరితిత్తుల్లోకి పోయింది. ఈ మిగిలిన పొడి సంగతే మీకిప్పుడు చెప్పబోతున్నాను.

మన ముక్కు మంచి జల్లెడ. పెద్ద దుమ్మును అందులోని వెంట్రుకలూ, జిగటా పట్టేస్తాయి. అవి దాటి గాలిగొట్టంలోకి పోయినదాన్ని దగ్గు, కళ్లె బయటికి తోసేస్తాయి. అయితే మరీ సన్నని పొడి ఈ కాపలాలను తప్పించుకుంటుంది. మిల్లీమీటరులో వెయ్యో వంతును మైక్రాను అంటారు. మన తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రానులు. 5 మైక్రానులకన్నా చిన్నదైన రేణువు ఊపిరితిత్తుల చిట్టచివర ఉండే బుడగల దాకా పోగలదు. ఈ బుడగలను వాయుగోణులు అంటారు. అవి కోట్ల కొలది ఉంటాయి. వాటి గోడలన్నీ విప్పి నేల మీద పరిస్తే సుమారు 70 చదరపు మీటర్ల చాప అవుతుంది! ఆ పలచని గోడలగుండానే ప్రాణవాయువు నెత్తురులోకి పోతుంది.

మరి అంత లోపలికి వచ్చిన దుమ్మును ఎవరు ఊడుస్తారు? అందుకూ కాపలావాళ్లున్నారు. వాళ్ల పేరు మాక్రోఫేజులు. గ్రీకు భాషలో దీనికి ‘పెద్ద తిండిపోతు’ అని అర్థం. అవి మన శరీరంలోని రక్షక కణాలు. సూక్ష్మజీవి కనబడితే చాలు, దానివైపు పాకిపోయి, చుట్టుకుని, మింగి అరాయించుకుంటాయి.

ఇలా మింగే కణాలే మనను కాపాడతాయని మొదట గ్రహించినవాడు మెచ్నికాఫ్ అనే శాస్త్రజ్ఞుడు. 1882లో ఆయన ఇటలీ దేశపు సిసిలీ ద్వీపంలో, మెస్సీనా అనే ఊళ్లో ఉండేవాడు. ఒకనాడు ఇంట్లోవాళ్లందరూ సర్కసులో కోతుల ఆట చూడబోయారు. ఆయన ఒక్కడే ఇంట్లో ఉండి, నక్షత్రచేప పిల్లలను సూక్ష్మదర్శినిలో చూస్తున్నాడు. అవి గాజులాగా ఉంటాయి. లోపల కణాలు తిరగటం బయటికే కనిపిస్తుంది. ఆయనకు ఒక ఆలోచన తట్టింది. ‘వీటికి ముల్లు గుచ్చితే ఈ కణాలు వచ్చి ముల్లు చుట్టూ మూగుతాయా?’ వెంటనే తోటలోకి పోయి గులాబీ ముళ్లు తెచ్చి గుచ్చాడు. ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టలేదు. తెల్లవారి చూస్తే ముల్లు చుట్టూ కణాలు గుంపుగా మూగి ఉన్నాయి! 1908లో ఆయనకూ, పాల్ ఎర్లిక్ అనే మరొక శాస్త్రజ్ఞుడికీ కలిపి నోబెల్ బహుమానం ఇచ్చారు.

సరే, మన రాతిపొడి దగ్గరికి వద్దాం. గ్రానైటులో పలుగురాయి ఉంటుంది. మీరు పొలాల్లో తెల్లని పలుగురాళ్లు ఏరుకుని ఉంటారు, అదే ఇది. శాస్త్రజ్ఞులు దీన్ని క్వార్ట్జ్ అంటారు. ఇది సిలికా అనే పదార్థం. దాని సన్నని రేణువు వాయుగోణిలోకి రాగానే మాక్రోఫేజు అలవాటు ప్రకారం దాన్ని మింగుతుంది. సూక్ష్మజీవి అయితే అరిగిపోయేదే. కాని రాయి అరుగుతుందా?

అరగకపోవటమే కాదు, అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. కణంలో జీర్ణరసం ఉండే చిన్న సంచులుంటాయి. రాతిరేణువు ఆ సంచిని చీల్చుతుంది. రసం కారి కణం తన రసానికి తానే బలి అవుతుంది. చచ్చిన కణంలోనుంచి రేణువు చెక్కుచెదరకుండా బయటపడుతుంది. దాన్ని మరొక కాపలావాడు మింగి, వాడూ అదే పాటు పడతాడు. చచ్చేముందు ప్రతివాడూ ‘దొంగ! దొంగ!’ అని కేక పెట్టినట్టు కొన్ని రసాయనాలు వదులుతాడు. ఈ కేక పుట్టించే యంత్రం కణంలో ఏదో 2008లో శాస్త్రజ్ఞులు కనిపెట్టారు. దాని పేరు ఎన్ఎల్ఆర్‌పీ3 ఇన్‌ఫ్లమసోమ్. ఆ కేక విని మరిన్ని కణాలు పరుగెత్తుకొస్తాయి. వాపు పుడుతుంది. పుండు మానినచోట గట్టి మచ్చ కట్టినట్టు, మెత్తని ఊపిరితిత్తిలో గట్టి గడ్డలు కడతాయి. మచ్చ కట్టినచోట గాలి ఆడదు. ఈ జబ్బును సిలికోసిస్ అంటారు. కట్టిన మచ్చను కరిగించే మందు లేదు. దుమ్ము పీల్చటం మానినా మచ్చ పెరుగుతూ పోవచ్చు. ఇంతేకాదు, కాపలావాళ్లు ఇలా దెబ్బతిన్న ఊపిరితిత్తిలో క్షయ సులభంగా జొరబడుతుంది.

నేను పాతబస్తీలో హెడ్మాస్టరుగా ఉన్నప్పుడు ఒక కుర్రవాడు మా బడిలో చదివేవాడు. తండ్రిని తీసుకురమ్మంటే ఎప్పుడూ తల్లి వచ్చేది. “మీ నాన్న ఎందుకు రాడురా?” అని అడిగాను. “దమ్మొస్తది సార్. మెట్లెక్కలేడు,” అన్నాడు వాడు.

ఆ మనిషికి క్షయ అనుకుని నెలల తరబడి మందులు ఇచ్చారు. కళ్లెలో క్రిములు కనబడలేదు, మందులకు గుణమూ కనబడలేదు. జ్వరం వస్తున్నదా, బీడీ తాగుతావా అని అందరూ అడిగారు. చివరికి ఒక ముసలి డాక్టరుగారు ఎక్స్‌రే చేతబట్టుకుని, “ఏం పని చేస్తావయ్యా?” అని అడిగారు.

“రాళ్లు చెక్కుత సార్. రోళ్లు, తిరగళ్లు, గోరీల రాళ్లు. ఇరవై ఏండ్ల సంది,” అన్నాడు ఆయన.

ఆ ఒక్క ప్రశ్నతో జబ్బు పేరు తెలిసింది. కాని అప్పటికే ఆలస్యమైపోయింది. రెండేళ్లకు ఆయన పోయాడు.

ఆ ప్రశ్న కొత్తది కాదు. 1700లో రామజ్జీని అనే ఇటలీ దేశపు వైద్యుడు పనివాళ్ల రోగాలను గురించి ఒక గ్రంథం అచ్చువేశాడు. అందులో రాళ్లు చెక్కేవాళ్లను గురించి కూడా రాశాడు. రోగిని వైద్యులు అడిగే ప్రశ్నలకు ‘నీ పని ఏమిటి?’ అన్నది కూడా చేర్చాలని ఆయన బోధించాడు. మనదేశంలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం, సిలికోసిస్ సోకినట్టు తెలిస్తే ప్రభుత్వానికి తెలియజేసి తీరాలన్నది. కాని అడిగితేనే కదా తెలిసేది!

మీ చేతిలోని బలపం కథ కూడా వినండి. మధ్యప్రదేశ్‌లోని మంద్‌సౌర్ బలపాల తయారీకి పేరుపడ్డ ఊరు. అక్కడ బలపాలు కోసే రంపాల దగ్గర పనిచేసేవాళ్లను అహ్మదాబాదులోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థవారు పరీక్షించి, 1985లో ఫలితాలు ప్రకటించారు. పరీక్షించినవాళ్లలో సగంమందికి పైగా సిలికోసిస్ ఉన్నది! మనం ‘అ, ఆ’లు దిద్దుకోవటానికి ఎవరో తమ ఊపిరి ఖర్చుపెట్టారన్నమాట.

ఈ జబ్బుకు మందు లేకపోయినా, రాకుండా ఆపటం సులభమే. రాయి కోసేచోట నీళ్లు పారిస్తే పొడి లేవదు, బురద అవుతుంది. పొడిని పుట్టినచోటే పీల్చేసే యంత్రాలున్నాయి. వాటి తరవాతనే ముఖానికి కట్టుకునే మాస్కు. అది కూడా ముక్కుకు, గడ్డానికి సందు లేకుండా అమరే ఎన్95 వంటిది కావాలి. చేతిరుమాలు అంత సన్నని పొడిని ఆపలేదు. ఈ రోజుల్లో ఈ జాగ్రత్త మరీ అవసరం. ఎందుకంటే కరెంటు కట్టరు ఉలికన్నా ఎన్నో రెట్లు సన్నని పొడి లేపుతుంది. వంటింటి గట్లకు వేసే కృత్రిమ రాతి పలకల్లో నూటికి 90 పాళ్లకు పైగా సిలికా ఉండవచ్చు. వాటిని కోసే కుర్రవాళ్లు జబ్బుపడటం చూసి ఆస్ట్రేలియా ప్రభుత్వం 2024 జులై 1 నుంచి ఆ పలకలను నిషేధించింది.

ఆ కుర్రవాడు ఇప్పుడు పెద్దవాడై, అదే రాతిపని చేస్తున్నాడు. పోయిన ఏడు దారిలో కనబడి నమస్కారం పెట్టాడు. నేను మొదట అడిగినది ఒకటే: “నీళ్లు పెడుతున్నావా?”

“పెడుతున్న సార్. బట్టలన్నీ బురదయితయి. ఇంటామె తిడతది,” అని నవ్వాడు. మెట్లు ఎక్కగలవా అని అడిగాను. చార్మినారు పైదాకా ఎక్కుతానన్నాడు.

బాలలారా! మీ వీధిలో ఎక్కడైనా పొడిగా రాయి కోస్తూ ఉంటే దూరంగా తొలగండి. కాని ముక్కు మూసుకుని ఊరికే పోకండి. ఆ పొగలో కూర్చున్నవాడు కూడా ఎవరికో తండ్రి. మీ ఇంట్లో పని జరుగుతున్నదా, ఒక బకెట్టు నీళ్లు మీరే తెచ్చి పెట్టండి. రేపు మీలో ఎవరైనా డాక్టరయితే, నాడి చూసేముందు “ఏం పని చేస్తావయ్యా?” అని అడగటం మరవకండి.